చచ్చినా చావని చెప్పుల మోజు: నవ్వించే వాంపైర్ నవల లోగుట్టు

చనిపోయిన అమ్మాయి శవాగారంలో లేచి కూర్చుంటుంది. ఒంటి మీద ఎవరో తొడిగిన గులాబీరంగు సూటు, కాళ్లకు చౌకరకం బూట్లు, రెండూ సవతితల్లి పుణ్యం. తను బతికి లేనన్న సంగతి కంటే ఆ బూట్లే ఆమెను ఎక్కువ బాధపెడతాయి. అమెరికన్ రచయిత్రి మేరీజానిస్ డేవిడ్సన్ నవల ‘అన్‌డెడ్ అండ్ అన్‌వెడ్’ (2004)లో బెట్సీ టేలర్ పరిస్థితి ఇది. ఉద్యోగం పోయింది, కారు ప్రమాదంలో ప్రాణం పోయింది. అది చాలదన్నట్టు రక్తపిశాచుల రాణివి నువ్వేనంటూ కొందరు వెంటపడ్డారు. పిశాచాల రాజకీయాలతో నాకేం పని అంటుందామె. చివరికి ఆమెను దారికి తెచ్చుకోవడానికి వాళ్లు వాడిన అస్త్రం ఖరీదైన డిజైనర్ బూట్లు.

ఇలాంటి నవల మొదటిసారి చదివినవాళ్లు తికమకపడటం సహజం. పిశాచి కథ అన్నారు, భయం లేదు. ప్రేమకథ అనుకుంటే ప్రేమ సగం దూరం నడిచాక గానీ మొదలుకాదు. పేరడీ అనుకుందామంటే మధ్యలో మనుషులు నిజంగానే చచ్చిపోతుంటారు. ఇంతకీ ఇది ఏ కోవలోకి వస్తుంది? ఇందులో నవ్వు ఎక్కణ్నుంచి పుడుతుంది? బట్టల పిచ్చి కథకు అవసరమా, లేక పైపూతా? పైపూత అయిన నవలలు బోలెడున్నాయి. కుదిరిన నవలల్లో మాత్రం ఆ పిచ్చే కథను లాగే ఎద్దు.

మూడు పేర్లు, మూడు ఒప్పందాలు

పుస్తకం వెనక అట్ట మీద మూడు మాటలు ఎక్కువగా కనిపిస్తాయి: అర్బన్ ఫాంటసీ, పారానార్మల్ రొమాన్స్, చిక్ లిట్. ఒక్కోటి పాఠకుడితో చేసుకునే ఒప్పందం వేరు.

పారానార్మల్ రొమాన్స్‌లో ప్రేమే వెన్నెముక. జంట కలవాలి, ముగింపు తృప్తినివ్వాలి. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఏనాడో పెట్టుకున్న నిర్వచనంలో ఉన్న రెండు షరతులూ ఇవే: కేంద్రంలో ప్రేమకథ, ఆశ నింపే ముగింపు. అర్బన్ ఫాంటసీకి ఆ షరతు లేదు. నేటి నగరం, అందులో దాగిన మాయాలోకం, ఛేదించాల్సిన నేరం లేదా అధికార తగాదా ఉంటే చాలు. ప్రేమ పది పుస్తకాల దాకా తేలకపోయినా ఎవరూ అడగరు. చిక్ లిట్ అంటే 1996లో హెలెన్ ఫీల్డింగ్ ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’ తర్వాత ఊపందుకున్న తరహా. ఉద్యోగం చేసుకునే యువతి తన గొంతుతోనే తన ఇక్కట్లు చెప్పుకుంటుంది. స్నేహితురాళ్లు, బాసు, షాపింగు, అప్పులు ఉంటాయి.

మనం మాట్లాడుకునే నవల ఈ మూడింటి సంకరం. కథాస్థలం అర్బన్ ఫాంటసీది, గమ్యం చాలాసార్లు రొమాన్స్‌ది, గొంతు మాత్రం పూర్తిగా చిక్ లిట్‌ది. 2000 తర్వాతి పదేళ్లలో ఇది వెల్లువలా రావడం యాదృచ్ఛికం కాదు. ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ టీవీ ధారావాహిక 1997 నుంచి 2003 దాకా, ‘సెక్స్ అండ్ ద సిటీ’ 1998 నుంచి 2004 దాకా నడిచాయి. ఒకటి పిశాచాలను వెక్కిరించడం అలవాటు చేసింది, రెండోది మడమ ఎత్తు బూట్లను సంభాషణాంశం చేసింది. ఆ రెండూ చూసి పెరిగిన పాఠకులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు.

నియమాల చిట్టా ఎవరు రాశారు?

వాంపైర్ హాస్యమంతా నియమాల మీదే ఆధారపడుతుంది. ఎండ పడదు, అద్దంలో కనబడరు, వెల్లుల్లి గిట్టదు, పిలవనిదే గడప దాటలేరు. ఇవన్నీ ఒకే తాళపత్రంలోంచి వచ్చాయనుకుంటే పొరపాటు.

బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ (1897)లో పిశాచి అయిన కౌంట్ డ్రాకులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. ఎండలో అతని శక్తులు సన్నగిల్లుతాయి, అంతే. చివరికి అతన్ని చంపేవి కూడా కత్తులే. సూర్యకాంతి తగిలి పిశాచి నశించడమన్నది 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’ పెట్టిన ముడి. ఆ సినిమా అనుమతి లేకుండా తీసిందని స్టోకర్ భార్య కోర్టుకెక్కితే ప్రతులు తగలబెట్టమని తీర్పొచ్చింది. సినిమాను తగలబెట్టమన్నారు గానీ అది పెట్టిన నియమం మాత్రం బతికింది. నిలువు కాలరున్న నల్ల కేప్ కూడా నవలలోది కాదు. అది 1920ల నాటక రంగస్థలం మీంచి వచ్చింది. నటుడు వెనక్కి తిరిగి ప్రేక్షకులకు కనబడకుండా కింది తలుపులోంచి జారుకోవడానికి ఆ ఎత్తు కాలర్ పనికొచ్చేది. 1931 నాటి ‘డ్రాకులా’ సినిమాలో ఆ పాత్ర వేసిన బేలా లుగోసీ దాన్ని ప్రపంచమంతా తిప్పాడు.

కాబట్టి ఏ నియమాలు ఉంచాలో, ఏవి తీసేయాలో ప్రతి రచయితా కొత్తగా తేల్చుకోవాల్సిందే. గంభీర నవలలో ఈ ఎంపిక నేపథ్యంలో ఉండిపోతుంది, హాస్య నవలలో అదే ముడిసరుకు. 1967లో వచ్చిన ‘ద ఫియర్‌లెస్ వాంపైర్ కిల్లర్స్’ సినిమాలో యూదుడైన పిశాచికి శిలువ చూపిస్తే నవ్వేస్తాడు. టెరీ ప్రాచెట్ నవల ‘కార్పే జగులమ్’ (1998)లో ఒక పిశాచ కుటుంబం వెల్లుల్లికీ పవిత్ర చిహ్నాలకీ చిన్నప్పటి నుంచీ అలవాటుపడి మరీ వస్తుంది. బెట్సీని శిలువా, పవిత్రజలమూ ఏమీ చేయలేవు. దాంతో మిగతా పిశాచాలకు ఆమె మీద భక్తి పుడుతుంది. ఆమెకేమో ఆ భక్తే చికాకు.

ఇక్కడ ఒక కిటుకుంది. నియమం మిగతా అందరికీ కఠినంగా వర్తిస్తేనే ఒకరికి వర్తించకపోవడం నవ్విస్తుంది. మొదటి అధ్యాయంలోనే అన్ని నియమాలూ సడలించేస్తే చివరికి మిగిలేది రాత్రి డ్యూటీ చేసే మామూలు అమ్మాయి.

అద్దం లెక్క

బట్టలంటే ప్రాణమిచ్చే మనిషికి అద్దంలో తను కనబడకపోతే? ఈ ఒక్క నియమాన్ని పట్టుకుంటే హాస్య రచయిత పని ఎలా నడుస్తుందో బాగా అర్థమవుతుంది.

స్టోకర్ నవలలో గడ్డం గీసుకునే చిన్న అద్దంలో కౌంట్ ప్రతిబింబం ఉండదు. కారణమేమిటో రచయిత చెప్పలేదు. తర్వాతి కాలంలో బాగా ప్రచారంలోకి వచ్చిన సమర్థన వెండిది: అద్దం వెనక వెండి పూత ఉంటుంది, వెండి పిశాచాలకు పడదు, అందుకని. చెప్పుకోవడానికి ఇంపుగానే ఉంది గానీ చరిత్ర ఒప్పుకోదు. గాజుకు వెండి పూత పూసే రసాయన పద్ధతిని జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ కనిపెట్టింది 1835లో. అంతకుముందు మూడొందల ఏళ్లు అద్దాల వెనక ఉన్నది తగరం, పాదరసం కలిపిన పూత. అంటే 1700లో చనిపోయిన పిశాచి తన కాలపు అద్దంలో చక్కగా కనబడి ఉండాలి.

హాస్య రచయిత చేతికి ఇది దొరికితే ఏం చేయొచ్చో చూడండి. వెండి కారణాన్నే నియమంగా పెట్టుకుంటే, వెండి లవణాలు వాడే ఫిల్మ్ కెమెరాలో నాయిక పడదు, వెండితో పనిలేని ఫోన్ కెమెరాలో పడుతుంది. ట్రయల్ రూమ్‌లో నిలువుటద్దం ఖాళీగా కనిపిస్తుంది, ఆమె ఫోన్ గోడకానించి వీడియో తీసుకుంటుంది. అల్యూమినియం పూత అద్దం ఉన్న షాపు ఎక్కడుందో వాకబు చేస్తుంది. కారణం మంత్రమే, ఆత్మ లేదు గనక ప్రతిబింబం లేదు అని పెట్టుకుంటే కథ ఇంకో దారి పడుతుంది. ఏ కెమెరా పనిచేయదు. ఇక తను ఎలా ఉందో చెప్పగలిగేది పక్కనున్న మనిషే. అప్పుడు స్నేహితురాలి పాత్రకు ఒక్కసారిగా బరువొస్తుంది. ఆమె అబద్ధం చెబితే? పోట్లాడుకుని మాటలు మానేస్తే?

మొదటి దారిలో జోకులు ఎక్కువ దొరుకుతాయి. రెండో దారిలో కథ ఎక్కువ దొరుకుతుంది. రెంటినీ కలిపి మూడో అధ్యాయంలో ఫోన్‌లో కనిపింపజేసి, పదో అధ్యాయంలో మరిచిపోయి కనబడదని రాసేవాళ్లను పాఠకులు క్షమించరు. తమాషా ఏమిటంటే స్టోకర్ కూడా దీని గురించి ఆలోచించాడు. నవలకు ముందు రాసుకున్న నోట్సులో, ఫొటో తీస్తే పిశాచి నల్లగానో అస్థిపంజరంలానో వస్తాడన్న ఊహ ఉంది. దాన్ని నవలలో వాడకుండా వదిలేశాడు.

బట్టల గోల డ్రాకులా నాటిదే

ఫ్యాషన్‌ను వాంపైర్ కథలోకి ఈ కాలపు రచయిత్రులు దూర్చారని ఒక ఫిర్యాదు ఉంది. పాత పుస్తకాలు తిరగేస్తే అది నిలవదు. డ్రాకులా తన అతిథి జొనాథన్ దుస్తులు దొంగిలించి వేసుకుని కోటగోడ దిగి వెళ్తాడు, ఊళ్లో జరిగే పాపం అతిథి ఖాతాలో పడాలని. నవల చివర్లో అతను లండన్ రేవులో ఓడ కోసం వాకబు చేసినప్పుడు చూసినవాళ్లకు బాగా గుర్తుండిపోయిందేమిటి? ఒళ్లంతా నలుపు, తల మీద మాత్రం గడ్డి టోపీ. అది అతనికీ నప్పలేదు, ఆ వేళకూ నప్పలేదు అని నవలలోనే ఉంది. నాలుగు వందల ఏళ్ల దుష్టశక్తి ఆచూకీ ఒక తప్పుడు టోపీ వల్ల బయటపడింది!

అంతకు ముందే 1819లో జాన్ పోలిడోరి రాసిన ‘ద వాంపైర్’ పిశాచిని పల్లె శ్మశానంలోంచి లేపి లండన్ ఉన్నతవర్గపు విందుల్లోకి తెచ్చింది. పోలిడోరి కవి బైరన్‌కు వ్యక్తిగత వైద్యుడు. అందులోని పిశాచి లార్డ్ రుత్వెన్ పాత్రలో బైరన్ మీద ఎత్తిపొడుపు ఉందని అప్పట్లోనే జనం గుర్తించారు. అంటే ఆంగ్ల సాహిత్యంలో పిశాచి పుట్టుకలోనే సోకూ వెటకారమూ రెండూ ఉన్నాయి. మధ్యలో సినిమాలు భయాన్ని పెంచి అవి మరుగునపడేలా చేశాయి.

‘నాకొద్దు’ అనడంలో రెండు రకాలు

పిశాచి అయ్యాక ఏడ్చే పాత్రలు పాతవే. 1840ల నాటి చౌక ధారావాహిక ‘వార్నీ ద వాంపైర్’లో పిశాచి విసిగిపోయి వెసూవియస్ అగ్నిపర్వతంలో దూకేస్తాడు. ఆన్ రైస్ ‘ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్’ (1976)లో లూయీ మనుషుల్ని చంపలేక ఎలుకల రక్తం తాగుతాడు. ఇది నైతికమైన అయిష్టం. నేను చేస్తున్నది పాపం అన్న బాధ అది.

హాస్య నాయిక అయిష్టం అలాంటిది కాదు. ఆమెకు అడ్డొస్తున్నది అసౌకర్యం. షాపులు మూసేవేళకు మెలకువొస్తుంది. బెట్సీ ఉండే మిన్నెసోటానే తీసుకోండి. అక్కడ జూన్ నెలాఖరులో సూర్యాస్తమయం రాత్రి 9 గంటల ప్రాంతంలో. డిసెంబరులో సాయంత్రం 4:30కే చీకటి. 9 గంటలకు మూసే షాపుంటే వేసవిలో పిశాచికి షాపింగు లేనట్టే, చలికాలంలో రోజుకు నాలుగు గంటలకు పైగా దొరుకుతుంది. ఎండాకాలపు బట్టలు కొనాలంటే చలికాలంలోనే వెతుక్కోవాలి. పైపెచ్చు ఆ రాష్ట్రంలో బట్టలకూ బూట్లకూ అమ్మకపు పన్ను లేదు. ఇంత మంచి చోట ఉండి కొనుక్కోలేకపోవడమన్నది ఆ నాయిక దృష్టిలో అసలైన విషాదం.

ఈ రెండో రకంలో చిక్కేమిటంటే అది తొందరగా చిన్నపిల్ల మారాంలా తయారవుతుంది. దాని కింద ఎక్కడో మొదటి రకం సన్నగా పారుతుండాలి. బూట్ల గురించి గొణిగే మనిషి తల్లికి ఫోన్ చేసి నేను బతికే ఉన్నానని చెప్పాలా వద్దా అని కూడా ఆలోచించాలి. మంచి రచయిత్రులు ఆ ఆలోచనను ఒకటి రెండు పేజీలకు మించనివ్వరు. కానీ ఆ పేజీలు లేకపోతే మిగతా మూడొందల పేజీల వెటకారానికి ఆసరా ఉండదు. సోకు మీద పట్టు కూడా ఇక్కడే అర్థవంతమవుతుంది. దాహం, నిద్ర, ఆయుష్షు అన్నీ మారిపోయిన మనిషికి నిన్నటి దాకా తనదైన అభిరుచి ఒక్కటే మారకుండా మిగిలింది. దాన్ని వదిలితే తను ఇక తను కాదు.

ఊదారంగు కోటు: ఒక ఉదాహరణ

ఫ్యాషన్ తెలివి కథకు ఎలా పనికొస్తుందో ఒక కల్పిత సన్నివేశంతో చూద్దాం. పిశాచాల సభ. సింహాసనం కోరే పెద్దాయన ముదురు ఊదారంగు కోటులో నిలబడి, “1790లో నన్ను పూడ్చిపెట్టినప్పుడు నా ఒంటి మీదున్నది ఈ కోటే” అంటాడు. పాతకాలపు పిశాచికే అధికారమన్నది అక్కడి కట్టుబాటు.

పేలవమైన రాతలో నాయిక, “అబ్బ, ఆ కోటు ఎంత పాతదో!” అని ముఖం చిట్లిస్తుంది. నవ్వొస్తే ఒకసారి వస్తుంది, కథ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

తెలిసిన చేయి ఇలా రాస్తుంది. నాయిక దగ్గరికెళ్లి అంచు మడిచి చూస్తుంది. కుట్టు సమంగా, పైనా కిందా రెండు దారాలు మెలిక పడుతూ సాగింది. అది కుట్టుమిషను పని. సింగర్ తన మిషనుకు పేటెంటు తీసుకున్నది 1851లో. ఇక ఆ గాఢమైన ఊదారంగు? విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు 1856లో కృత్రిమ ఊదా అద్దకాన్ని కనిపెట్టేదాకా అలాంటి మెరుపు ఎవరికీ సులువుగా దొరకలేదు. లోపల జిప్పు కూడా ఉంటే సరేసరి, నేటి తరహా జిప్పుకు పేటెంటు 1917లో వచ్చింది. “తాతగారూ, మిమ్మల్ని పూడ్చిన అరవై ఏళ్లకు ఈ కోటు ఎవరు కుట్టించి పంపారండీ?” అని ఆమె అమాయకంగా అడుగుతుంది. సభ గొల్లున నవ్వుతుంది. పెద్దాయన వయసు అబద్ధమని తేలిపోతుంది, దాంతో సింహాసనం మీద హక్కూ పోతుంది.

ఇదే జోకు, ఇదే బట్టల పిచ్చి. తేడా ఏమిటంటే రెండో దాంట్లో నాయికకు నిజంగా విషయం తెలుసు, ఆ తెలివి వల్ల కథ మలుపు తిరిగింది. బ్రాండు పేర్ల జాబితా ఆ పని చేయలేదు. పైగా అవి త్వరగా పాతబడతాయి. 2004లో గొప్పగా వినిపించిన మోడల్ పేరు ఇరవై ఏళ్లకు ఎవరికీ గుర్తుండదు. మడమ ఎత్తు, తోలు రకం, కుట్టు తీరు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకేలా అర్థమవుతాయి.

రక్తం, పట్టు, చల్లనీళ్లు

తిండి సంగతి ఎత్తకుండా ఈ నవల గడవదు. ఎవరి రక్తం తాగుతుంది, ఒప్పుకున్నవాళ్లదేనా, ఎంత? చాలా పుస్తకాలు ఇక్కడ కళ్లు మూసుకుంటాయి. కాస్త లెక్క వేస్తే కొత్త హాస్యం దొరుకుతుంది. రక్తదానంలో ఒకసారి తీసేది సుమారు 450 మిల్లీలీటర్లు. అమెరికాలో మళ్లీ ఇవ్వడానికి కనీసం 56 రోజుల విరామం కావాలి. రాత్రికి ఒక యూనిట్ తాగే నాయికకు ఎవరికీ హాని జరగకూడదంటే 56 మంది దాతలుండాలి. వాళ్ల పేర్లు, వారాలు, జలుబు చేసినవాడి బదులు ఎవరు అంటూ చిట్టా రాసుకోవాలి. పావు యూనిట్‌తో సరిపెట్టుకుంటే 14 మంది చాలు. రక్తనిధి సంచులైతే 1 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, మామూలు నిల్వ ద్రావణంతో 35 రోజులే ఆగుతాయి. ఇంట్లో కరెంటు పోయిన రాత్రి ఒక అధ్యాయానికి సరిపోయే గొడవ.

మరక ఇంకో అధ్యాయం. తెల్ల పట్టు జాకెట్టు మీద రక్తం పడితే చల్లనీళ్లతోనే కడగాలి. వేడినీళ్లు తగిలితే రక్తంలోని ప్రోటీన్ గట్టిపడి దారాల్లోకి దిగబడుతుంది. మరకలు తీసే ఎంజైమ్ సబ్బు వాడదామా అంటే, ప్రోటీన్‌ను కరిగించే ఆ ఎంజైమ్‌కు రక్తమూ పట్టూ ఒకటే. పట్టు కూడా ప్రోటీనే గనక బట్ట పాడవుతుంది. వేటకు నల్లని నూలు బట్టలు వేసుకోమని ముసలి పిశాచాలు ఎందుకు పోరుతున్నాయో నాయికకు అప్పుడు గానీ తెలియదు. ‘డ్రాకులా’ నుంచీ అందరూ నలుపెందుకు తొడుగుతారన్న ప్రశ్నకు ఇంతకన్నా సబబైన జవాబు దొరకదు.

విమర్శకుల అభ్యంతరాలు

స్త్రీవాద దృష్టితో వచ్చిన అభ్యంతరం బలమైనది. అమరత్వం, అపారమైన బలం చేతికొచ్చిన స్త్రీని బూట్లకు లొంగేదిగా చూపడం పాత ఎగతాళికి కొత్త తొడుగేనంటారు. చిక్ లిట్ మీద ఈ దెబ్బ ముందే పడింది. 2001లో బెరిల్ బెయిన్‌బ్రిడ్జ్, డోరిస్ లెస్సింగ్ వంటి పెద్ద రచయిత్రులు బ్రిటన్‌లో బాహాటంగానే పెదవి విరిచారు. దీనికి జవాబు చెప్పేవాళ్లు, ఆడవాళ్లకు తెలిసిన విద్య గనకే బట్టల తెలివిని చులకన చేస్తున్నారని అంటారు. కత్తుల మీద మోజున్న నాయకుణ్ని ఎవరూ తేలికమనిషి అనరు కదా అని వాళ్ల ప్రశ్న. రెండు వాదాల్లోనూ పస ఉంది. తీర్పు పుస్తకాన్ని బట్టి మారుతుంది. సోకు నాయికకు చూపునిస్తోందా, లేక ఇతరులు ఆమెను కొనడానికి పనికొస్తోందా అన్నది చూడాలి. బెట్సీ కథలో రెండూ ఉన్నాయి. అందుకే ఆ పుస్తకం మీద వాదన తెగదు.

వినియోగం మీద ఇంకో కోణం ఉంది. కార్ల్ మార్క్స్ ‘పెట్టుబడి’ (1867)లో పెట్టుబడిని, సజీవ శ్రమను పీల్చి బతికే పిశాచితో పోల్చాడు. ఆ లెక్కన కొనుగోలు పిచ్చి ఉన్న పిశాచి మీద సామాజిక వ్యంగ్యం దానంతట అదే పండాలి. చాలామంది రచయితలు ఆ తలుపు తట్టనైనా తట్టరు. బూట్లు ఎవరు కుట్టారు, ఎంత కూలి ఇచ్చారు అన్న ప్రశ్న వచ్చే నవలలు అరుదు. ఇది నిజమైన లోటే.

భయం చచ్చిపోయిందన్న హారర్ అభిమానుల ఫిర్యాదు మాత్రం అంతగా నిలవదు. వాళ్ల పుస్తకాలు వాళ్లకున్నాయి. అయితే హాస్య నవలలో కూడా ప్రతినాయకుడు నిజంగా ప్రమాదకరంగా ఉండాలన్నంత వరకు వాళ్ల మాట వినాలి. అతనూ జోకరే అయితే నాయిక నిర్లక్ష్యానికి విలువేముంటుంది?

రెండో భాగం నుంచి ఏమవుతుంది?

ఈ నవలలు ఒంటరిగా రావు, వరసగా వస్తాయి. బెట్సీ కథ 2016 దాకా సాగింది. అక్కడే అసలు పరీక్ష. మొదటి పుస్తకంలో ‘నాకొద్దు’ అన్న నాయిక నాలుగో పుస్తకంలోనూ అదే అంటే పాఠకుడికి విసుగు. ఒప్పేసుకుని రాణిగా కూర్చుంటే నవ్వు పోతుంది.

దీన్ని దాటిన వరసల్లో కనిపించే ఉపాయం అయిష్టాన్ని చోటు మార్చడం. మొదట పిశాచిగా ఉండటం ఇష్టం లేదు. అది అలవాటయ్యాక కిరీటం ఇష్టం లేదు. కిరీటం తప్పనిసరయ్యాక, దానితో వచ్చే తగువులు తీర్చడం, శిక్షలు వేయడం ఇష్టం లేదు. ప్రతి మెట్టులో పణం పెరుగుతుంది. పోయినసారి ఆమె కాదన్నందుకు ఎవరో ఒకరు నష్టపోయి ఉంటారు, ఈసారి కాదనడానికి ఆమె నోరు అంత సులువుగా రాదు. సోకు కూడా దీనితో పాటు మారాలి. తన కోసం కొనుక్కునే మనిషి, ఎవరో ఎంచిన బట్టల్లో సమాధిలోంచి లేచే కొత్త పిశాచాల కోసం ఒక బీరువా నిండా శుభ్రమైన దుస్తులు, వేర్వేరు కొలతల బూట్లు సిద్ధంగా ఉంచడం మొదలుపెడితే, ఆమె రాణిగిరీ చేస్తోందని ఎవరూ ప్రకటించనక్కర్లేదు. అడిగితే మాత్రం తను రాణిని కానే కానని, ఆ పాత బూట్లు చూడలేకే కొన్నానని అంటుంది.